గోధుమలు ఆరేదాకా

అక్టోబరు ముప్పయ్యొకటి, బుధవారం. ఆ మధ్యాహ్నం మేము తిన్నది మసూరు పప్పు చారు, మీద ఒక చెంచాడు వెనిగర్, పక్కన కాసిని ఆలివ్ కాయలు. మా గ్రీకు చర్చి ఉపవాసపు రోజు కాబట్టి నూనె చుక్క కూడా లేదు. రెండో చెంచా నోట్లో పెట్టుకున్నానో లేదో కింద గేటు చప్పుడైంది. మా అత్తయ్య సెవాస్తి వెంటనే చారు గిన్నె మీద మూత పెట్టేసింది. ఎవరైనా చూస్తారని కాదు. ఏ చప్పుడు విన్నా ముందు ఏదో ఒకటి మూసెయ్యడం ఏడాదిగా మా ఇంట్లో అలవాటైపోయింది.

నా భార్య తెమెలినా అంతకు ముందు నవంబరులో పోయింది. వాళ్ళమ్మా నేనూ మిగిలాం. అత్తయ్య నల్లబట్టలు కట్టింది, రేడియో ప్లగ్గు పీకేసింది, పైన కిటికీలన్నీ మూయించింది. మావి గాజు పలకల కిటికీలు. పక్కనున్న పిడి తిప్పితే పలకలన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి. ఆ పిడిని మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. ఈ డార్విన్ ఊళ్ళో వానలకు ముందు నెలలు ఎలా ఉంటాయో ఇక్కడ బతికినవాళ్ళకి తెలుసు. మధ్యాహ్నానికి మబ్బులు లేస్తాయి, ఉరుముతాయి, ఊరంతా తలెత్తి చూస్తుంది, సాయంత్రానికి చుక్క రాల్చకుండా వెళ్ళిపోతాయి. ఆ ఉక్కలో మేమిద్దరం మూసిన కిటికీల మధ్య కూర్చుని పప్పు చారు తాగేవాళ్ళం. ఇల్లు నాదే. కానీ కూతుర్ని పోగొట్టుకున్న మనిషితో ఇల్లు ఎవరిదని ఎవరు వాదిస్తారు?

కిందికి దిగాను. గేటు తీసింది లియాన్. నా దగ్గర జాగ్రఫీ చదువుకున్న పిల్ల, ఇప్పుడు ఊళ్ళో బ్యాక్‌ప్యాకర్ల హాస్టల్లో మేనేజరు. సగం ఊరికి నేను పాఠం చెప్పినవాణ్ణే, అందరికీ మాస్టారునే.

"మాస్టారూ, భోజనంలో ఉన్నారా? ఒక్క మాట."

ఆమె వెనక తనకన్నా పెద్ద సంచీ మోసుకుని ఇంకో అమ్మాయి నిలబడింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. రెండోది సందులోంచి చూస్తోంది. బుగ్గలూ మెడా చేతులూ కాలినట్టు పొంగాయి.

"మామిడి సొన," అంది లియాన్. "ఎస్తోనియా పిల్ల, పేరు మార్యా. ఊళ్ళో దిగి వారం కాలేదు. తోటలో మొదటి రోజే ఉక్క తట్టుకోలేక పొడుగు చేతుల చొక్కా విప్పేసింది. ముచ్చిక విరిస్తే సొన చిమ్ముతుందని చెప్పలేదంట."

"చెప్పారు," అంది ఆ అమ్మాయి. "ఇక్కడి యాస ఇంగ్లీషులో గబగబా చెప్పారు, అర్థం కాలేదు. ఇప్పుడు అన్ని భాషల్లోనూ అర్థమైంది."

నాకు నవ్వొచ్చింది. ఆ ఇంట్లో నవ్వడం నాకే కొత్తగా వినిపించి ఆపేశాను.

సంగతి ఇదీ. లియాన్ హాస్టల్లో మంచాలు తోట పనికి వెళ్ళేవాళ్ళకే. పొద్దున్నే వ్యాను ఎక్కకపోతే సాయంత్రానికి మంచం ఇంకొకళ్ళది. ఆ నియమం లియాన్‌ది కాదు, ఓనరుది. మార్యా తన స్నేహితురాలితో కలిసి ఒక పాత కారు కొనుక్కుని వచ్చింది. ఆ స్నేహితురాలు ఎవరో జర్మనీ కుర్రాడితో ఆ కారులోనే దక్షిణానికి వెళ్ళిపోయింది. ఈమెకి ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు, కళ్ళు కనబడవు.

"మీ కింద గది ఖాళీయే కదా మాస్టారూ," అంది లియాన్ నేల చూస్తూ. అది తెమెలినా కుట్టుగది అని తనకీ తెలుసు. తన పెళ్ళి గౌను అక్కడే కుట్టించుకుంది.

పైకి వెళ్ళి అత్తయ్యకి చెప్పాను.

"ఏడాది తిరక్కుండా పరాయి మనిషినా, స్కెవో?"

"పిల్లకి కళ్ళు కనబడ్డం లేదు అత్తయ్యా."

"నాకు మాత్రం ఏం కనబడుతోంది?" అంది. చాలాసేపు మూత పెట్టిన గిన్నెనే చూసింది. "పద్దెనిమిదో తారీఖు ఆదివారం సంవత్సరీకం. శనివారం సాయంత్రం నాలుగింటికల్లా వెళ్ళిపోవాలి. తర్వాత మళ్ళీ నన్ను అడక్కు. ఇంకోటి, ఆ తలుపు మూయకూడదు."

ఆ తలుపు సంగతి నాకు వేరే చెప్పక్కర్లేదు. ఆస్పత్రికి బయల్దేరేటప్పుడు తెమెలినా కుట్టుగదిలో దీపం ఆర్పి, తలుపు అలాగే వదిలేసి, "వచ్చి మూసుకుంటాలే," అంది. అప్పటినుంచి అత్తయ్య దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. గాలికి కొట్టుకోకుండా కింద ఇటుక పెట్టింది.

ఆ సాయంత్రం అత్తయ్య తన కళ్ళు మండుతున్నాయని చామంతి టీ కాచుకుంది. కప్పులో కాదు, గిన్నెడు కాచింది. చల్లారాక రెండు తెల్ల గుడ్డలు అందులో ముంచి నా చేతికిచ్చింది.

"నాకు ఎక్కువైంది. కింద పారబొయ్యి," అంది.

తీసుకెళ్ళి మార్యా కళ్ళ మీద పరిచాను.

వాపు తగ్గడానికి నాలుగైదు రోజులు పట్టింది. తగ్గగానే మార్యా పని వెతుక్కోవడానికి బయల్దేరింది. ఉన్న ఒక్క మంచి చొక్కా ఉతికి, తడిగానే తొడుక్కుని వెళ్ళేది. మధ్యాహ్నానికి మళ్ళీ తడిసి వచ్చేది, ఈసారి చెమటతో. కాఫీ దుకాణాలు, పబ్బులు, చేపలు వేయించే కొట్లు, అన్నిటా ఒకటే మాట. టూరిస్టుల సీజను అయిపోయింది కదా డార్లింగ్, వానలు పడనీ చూద్దాం.

"వానలు పడితే ఏమవుతుంది మాస్టారూ?" అని అడిగింది.

"తడుస్తాం."

మామిడితోటకి మళ్ళీ వెళ్దామంటే మేస్త్రీ ఒప్పుకోలేదు. ఒకసారి సొన తగిలి పొంగినవాళ్ళకి రెండోసారి ఇంకా గట్టిగా పొంగుతుందట.

ఒక సాయంత్రం నైట్‌క్లిఫ్ ఒడ్డుకి తీసుకెళ్ళాను. సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా కదలకుండా ఉంది. ఆమె చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి నేరుగా నీళ్ళకేసి నడిచింది. నేను అరిచిన అరుపుకి చేపలు పట్టేవాళ్ళంతా తిరిగి చూశారు.

"దిగకూడదా? ఎవరూ లేరేంటా అనుకున్నా!"

"ఈ నెలల్లో జెల్లీ చేపలుంటాయి. తగిలితే గుండె ఆగిపోతుంది. మే నెలదాకా ఎవరూ దిగరు."

"మరి ఏరు?"

"ఏట్లో మొసళ్ళు."

"బస్సెక్కి పోతే?"

"తర్వాతి ఊరు కాథరిన్. ఇంతకన్నా ఉడుకు."

ఆమె ఇసుకలో కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. పకపకా నవ్వింది.

"మా ఊళ్ళో ప్రతి ఇంటికీ ఆవిరి గది ఉంటుంది మాస్టారూ. ఇలాగే ఉడికిపోతాం. భరించలేకపోతే తలుపు తీసుకుని బయట మంచులోకి దూకుతాం. మీరు ఊరంత ఆవిరి గది కట్టుకున్నారు గానీ తలుపు పెట్టడం మర్చిపోయారు."

"మా ఇంట్లో తలుపుంది. మూయకూడదు, అంతే," అన్నాను.

ఆమె నవ్వు ఆగింది. "అది అడుగుదామనుకుంటున్నా. రాత్రిళ్ళు... కొంచెం దగ్గరికి వేసుకోవచ్చా?"

కుదరదమ్మా అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఆమె తలూపింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

కానీ నాకు తెలుసు. రోజూ దీపాలు పెట్టే వేళకి అత్తయ్య మెట్లు దిగి, ఆ గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. లోపల కుట్టుమిషను, బట్టలు కత్తిరించే పెద్ద బల్ల, గోడకి తెమెలినా టేపు. వాటి మధ్య మడత మంచం మీద మార్యా గోడకేసి తిరిగి, నిద్రపోతున్నట్టు ఊపిరి బిగబట్టి పడుకునేది. అత్తయ్య ఆమెని చూసేది కాదు. మిషనునే చూసేది. ఇద్దరి మధ్యా ఆ తెరిచిన తలుపు. నేను మెట్ల మీద నిలబడి, ముగ్గురిలో ఎవరు ముందు కదులుతారా అని ఎదురుచూసేవాణ్ణి.

పగలు మార్యా వాళ్ళమ్మకి ఫోను చేసేది. ముఖం ఇంకా ఎర్రగా ఉండేది కాబట్టి ఫోను పెరట్లో పూలచెట్టు వైపు తిప్పి మాట్లాడేది. ఆ భాష నాకు రాదు. ఆ గొంతు మాత్రం తెలుసు. తెమెలినా ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను అత్తయ్యతో ఆ గొంతుతోనే మాట్లాడేవాణ్ణి.

శనివారం దగ్గరపడింది. మా బంధువుల ఇళ్ళన్నీ సంవత్సరీకానికి వచ్చేవాళ్ళతో నిండిపోయాయి, ఎక్కడా ఒక చాప వేసే చోటు లేదు. లియాన్ హాస్టల్ బోర్డు మీద ఎవరో డేరిల్ అనే ఆయన కాగితం అంటించాడు. కాథరిన్ దగ్గర పుచ్చకాయల తోట, పనివాళ్ళు కావాలి, తన బండిలో తీసుకెళ్తాడు. మార్యా ఫోను చేసి ఒప్పుకుంది.

"ఎలాంటివాడో కనుక్కున్నావా?" అని లియాన్‌ని అడిగాను.

"మొన్న వచ్చినప్పుడు చూశాను మాస్టారూ. నచ్చలేదు. ఎందుకంటే చెప్పలేను."

చెప్పగలిగింది మార్యాయే. "ఇంకా ఎవరైనా అమ్మాయిలు వస్తున్నారా అని అడిగాను. 'నువ్వు చాలవా?' అన్నాడు." సంచీ తాడు బిగిస్తూ అంది. "జోకే అయ్యుంటుంది. వెళ్ళాలి కదా. ఇక్కడ ఉండలేను, అక్కడా ఉండలేకపోతే అప్పుడు చూద్దాం."

ఆ రాత్రే అత్తయ్యతో మాట్లాడాను. ఇంకొక్క వారం అన్నాను.

"నేను మాట చెప్పాను. నువ్వు విన్నావు," అంది. "రేపు గోధుమలు ఉడకెయ్యాలి. వేపుడు మూకుడు అడ్డం తీసి, పెద్ద గిన్నె దించిపెట్టు."

చనిపోయినవాళ్ళ ఏడాదికి మేము గోధుమలు వండుతాం. కోలివా అంటాం. గోధుమలు ఉడకబెట్టి, దుప్పటి మీద పరిచి ఆరబెట్టి, బాదం, కిస్‌మిస్, దానిమ్మ గింజలు కలిపి పళ్ళెంలో గుట్టగా నొక్కి, మీద పొడి చక్కెర మంచులా పరిచి, వెండిరంగు చక్కెర బిళ్ళలతో పేరు రాస్తాం. ఫాదర్ దీవించాక అందరికీ పంచుతాం. చెప్పినంత తేలిక కాదు. గోధుమలు బాగా ఆరకపోతే చక్కెర చెమరుస్తుంది, చూస్తుండగానే జారిపోతుంది, పేరు కరిగిపోతుంది. చక్కెర కరిగిన కోలివా గురించి మా ఆడవాళ్ళు పదేళ్ళు మాట్లాడుకుంటారు. పైగా దీవెన కాకముందు రుచి చూడకూడదు. ఉడికిందో లేదో వేళ్ళతో నొక్కి చూడాల్సిందే. అత్తయ్య వేళ్ళకి ఆ మధ్య స్పర్శ తగ్గింది.

శుక్రవారం ఉడకేసి, కింద కుట్టుగదిలో బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి ఆరబోసింది. ఇల్లు మొత్తంలో కాస్త గాలి ఆడేది ఆ తెరిచిన తలుపు దగ్గరే. మార్యా ఆ రాత్రి గోధుమల పక్కనే పడుకుంది. శనివారం పొద్దున చూస్తే దుప్పటి ఇంకా తడి. మధ్యాహ్నానికీ తడే. మబ్బులు లేచాయి, ఉరిమాయి, గాలి స్తంభించింది. అత్తయ్య నాలుగుసార్లు దిగి వేళ్ళతో నొక్కి చూసి పైకెక్కింది.

మూడు దాటాక గోధుమలు పైకి తెమ్మంది. నేను ముందు దిగాను, అత్తయ్య కమ్మీ పట్టుకుని నెమ్మదిగా వెనక వస్తోంది. గుమ్మంలో ఆగిపోయాను.

మార్యా వీపున సంచీ తగిలించుకుని, బల్ల ముందు నిలబడి ఉంది. చేతిలో చెంచా. నోట్లో గోధుమలు. నెమ్మదిగా, శ్రద్ధగా నములుతోంది.

నా వెనక అత్తయ్య ఊపిరి పీల్చడం వినిపించింది.

"ఫాదర్ దీవించలేదు!" అత్తయ్య ఇంగ్లీషు వంటింటికీ చేపల మార్కెట్టుకీ సరిపోయేంతే. "ఎవరు చెప్పారు తినమని? దొంగా! నా కూతురిది అది!"

మార్యా చెంచా దించింది. ముఖంలో భయం కన్నా తెల్లబోవడం ఎక్కువుంది.

"తినకూడదా? వెళ్ళేలోపు తినకపోతే తప్పేమో అనుకున్నా." మింగింది. "మాది సెతో ఊరు యాయా, మా చర్చీ మీలాంటిదే. మేమూ గోధుమలే ఉడకేస్తాం, తేనె కలిపి. సమాధి మీదే గుడ్డ పరిచి తింటాం. దారిన పోయేవాళ్ళని కూడా పిలిచి ఒక చెంచా పెడతాం. దగ్గర ఎవరుంటే వాళ్ళు ముందు తినాలి, లేకపోతే పోయినవాళ్ళు ఆకలితో చూస్తుంటారని మా బామ్మ అనేది. రాత్రంతా దీని పక్కన పడుకుని తినకుండా వెళ్ళిపోతే..." మాట ఆపి నావైపు తిరిగింది. "పేరు తెలుసు. తెమెలినా కదా?"

ఆ పేరు చెప్పి, సంచీ బరువుతోనే కొంచెం వంగి, సిలువ గుర్తు వేసుకుంది. నుదురు, కడుపు, కుడి భుజం, తర్వాత ఎడమ భుజం. మాలాగే.

వీధి పిల్లలంతా అత్తయ్యని బామ్మా అన్నట్టు యాయా అనే పిలుస్తారు. మార్యా ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలీదు.

అత్తయ్య గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఏడాదిలో కుర్చీ దగ్గరనుంచి చూడ్డమే కాని, పని లేకుండా ఆ గడప దాటింది లేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడి ఆ అమ్మాయి నోటికేసి చూసింది.

"ఉడికిందా?" అంది.

"ఊఁ?"

"గింజ. మధ్యలో పలుకు ఉందా?"

మార్యా ఆలోచించి చెప్పింది. "లేదు. మెత్తగానే ఉంది. కానీ తడి ఎక్కువ."

"అదే నేనూ అనుకున్నా." అత్తయ్య దుప్పటి కొసలు రెండు చేతుల్లోకి తీసుకుంది, మిగతా రెండు కొసలు పట్టుకోమని మార్యాకి గడ్డంతో చూపించింది. నావైపు చూడకుండా, గ్రీకులో, బజారు నుంచి ఉప్పు తెమ్మన్నంత మామూలుగా అంది: "స్కెవో, పైకెళ్ళి కిటికీలు తియ్యి. అన్నీ తియ్యి. గాలి తగలాలి దీనికి."

పిడులు బిగుసుకుపోయాయి. ఒక్కొక్కటీ రెండు చేతులతో తిప్పాను. గాజు పలకలు కిర్రుమంటూ లేచాయి, ఏడాది దుమ్ము నా మొహాన పడింది. ఉన్నది ఏపాటి గాలి! అదీ వేడిగాలే. అయినా వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి తెమెలినా బట్టల బీరువా మీదుగా అది నడిచి వెళ్ళడం నాకు వినిపించింది. పక్కింట్లో ఎవరో టీవీలో క్రికెట్ చూస్తున్నారు. ఏడాదిగా వాళ్ళు అక్కడే ఉన్నారన్న సంగతే మర్చిపోయాను.

దుప్పటి హాలు నేల మీద పరిచాం. మార్యా ఇంకా సంచీ దించలేదు. మోకాళ్ళ మీద వంగి గింజలు పల్చగా పరుస్తోంది. అప్పుడే గేటు ముందు హారన్ మోగింది. నాలుగయింది.

ఆమె లేచింది. చేతులు ప్యాంటుకి తుడుచుకుంది. "థాంక్యూ మాస్టారూ," అంది, అదే గొంతుతో, ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడే గొంతుతో.

అత్తయ్య కిటికీ దగ్గరికి నడిచింది. పలకల సందుల్లోంచి కిందికి చూసింది. ఎత్తు బండి, మోచెయ్యి బయటపెట్టి కూర్చున్న మనిషి.

"పిల్ల రాదు!" అని అరిచింది.

"ఏంటి అవ్వా?"

"రాదు. పిల్లకి పని ఉంది."

"పనికే కదా తీసుకెళ్తున్నా! ఇక్కడేం పని?"

"బాదం పప్పు వలవాలి."

డేరిల్ నవ్వాడు. "సరే, ఎంతసేపు ఆగమంటావు?"

"వానలు పడేదాకా," అని అత్తయ్య వెనక్కి తిరిగింది. హారన్ ఇంకో రెండుసార్లు మోగింది. తర్వాత బండి వెళ్ళిపోయిన చప్పుడు.

మార్యా కదలకుండా నిలబడింది. అత్తయ్య ఆమె ముందు బాదం గిన్నె పెట్టింది. "వేడినీళ్ళలో వేస్తే తొక్క ఊడుతుంది. సొన చిమ్మదు, భయపడకు. సంచీ దించు, నేల అరుగుతుంది."

ఆమె సంచీ దించింది. వీపు మీద చొక్కా పట్టీల ఆకారంలో తడిసి ఉంది. గాలి ఆ తడికి తగిలినప్పుడు ఆమె కళ్ళు మూసుకోవడం చూశాను.

మర్నాడు చర్చిలో పళ్ళెం బల్ల మీద నిలబడింది. చక్కెర చెమర్చలేదు. వెండి బిళ్ళల్లో తెమెలినా పేరు చివరిదాకా చెక్కుచెదరలేదు. ఫాదర్ దీవెన అయ్యాక మా ఆడవాళ్ళంతా పళ్ళెం చుట్టూ మూగి, వంకలు వెతకడానికి వంగి చూశారు.

"ఈ ఉక్కలో ఇంత పొడిగా ఎలా వచ్చింది సెవాస్తీ?" అని అడిగింది మా పినతల్లి.

"కిటికీలు తీశాను," అంది అత్తయ్య.

పినతల్లి ఆమె మోచెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. మార్యా గుమ్మం దగ్గర నిలబడి చిన్న చిన్న పొట్లాలు పంచింది. ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ ముందు పేరు చెప్పి తర్వాత పొట్లం ఇచ్చింది. తెలియనివాళ్ళకి కూడా, చర్చి ముందు ట్యాక్సీ ఆపుకున్న అతనికి కూడా.

సాయంత్రం చుట్టాలు వెళ్ళిపోయారు. మార్యా పళ్ళేలన్నీ కడిగి, పెందలాడే కిందికి వెళ్ళిపోయింది. దీపాలు పెట్టే వేళకి అత్తయ్య ఎప్పట్లాగే మెట్లు దిగింది. నేనూ వెనకే దిగాను. ఆమె కుర్చీలో కూర్చోలేదు.

"ఇది పైకి తీసుకెళ్ళు స్కెవో. వంటింట్లో ఒకటి తక్కువుంది," అంది.

కుర్చీ ఎత్తుకుని సగం మెట్లెక్కి వెనక్కి చూశాను. గదిలో మిషను, బల్ల, గోడకి టేపు. మడత మంచం మీద మార్యా, ఈసారి గోడ వైపు కాదు, గుమ్మం వైపు తిరిగి, నోరు కొంచెం తెరిచి, నిజంగానే నిద్రపోతోంది. పెరట్లో గాలి లేదు. ఆ రోజూ వాన రాలేదు.

అత్తయ్య వంగి ఇటుక పక్కకి జరిపింది. ఏడాది తేమకి తలుపు చెక్క ఉబ్బింది. పిడి పట్టుకుని, చెక్కని కొంచెం పైకెత్తి, చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.